రామబ్రహ్మం మూత

రామబ్రహ్మం తన టిఫిన్ డబ్బా మూతను తప్ప దేన్నీ నమ్మడు. మాదాపూర్ నుంచి కోకాపేట దాకా ఆఫీసుల్లో పాత మానిటర్లు బాగుచేయడం ఆయన పని. ఎక్కడికి వెళ్లినా ముందు తెర మీద ఒక సున్నా గీస్తాడు. సంచిలోంచి మూత తీసి దానికెదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాడు. సున్నా గుండ్రంగా ఉంటే రిజల్యూషన్ కుదిరినట్టు. కోడిగుడ్డులా సాగిందంటే, అది గుండ్రమయ్యేదాకా ఆయన్ను కుర్చీలోంచి లేపడం ఎవరితరమూ కాదు.

"నంబర్ కరెక్టుగానే చూపిస్తోంది కదండీ?" అని అఖిల అనే ఇంజినీరు ఒకసారి అడిగింది.

"నంబర్‌దేముందమ్మా, ఎవరైనా రాస్తరు. గుండ్రం ఉన్నదా లేదా, గది చెప్పు."

ఈ జబ్బు మానిటర్లతో ఆగలేదు. బండి మీద ఇడ్లీ తిన్నా మూత బయటికొచ్చేది. బోరబండలో మేనకోడలికి సంబంధం వస్తే, ఫోన్‌లో పెళ్లికొడుకు ఫొటో చూసి ఇంట్లోవాళ్లు "గింత లావున్నడేంది!" అని నసిగారు. రామబ్రహ్మం ఆ ఫొటోలోని గోడ గడియారం మీద, మూత పెద్దదైందని, రూపాయి బిళ్ల పెట్టి చూశాడు. "పిలగాడు సన్నగనే ఉంటడు. ఫొటో సాగింది" అని తీర్పిచ్చాడు. వచ్చినవాడు నిజంగానే చీపురుపుల్లలా ఉన్నాడు.

కోకాపేటలో ఒక టవరుకు దినేశ్ మేనేజరు. కింద రిసెప్షన్ డెస్కు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించేది కనకలక్ష్మి. తెరలో ఓ మూల కెమెరా బొమ్మ కూడా కనిపిస్తూంటుంది. ఒకరోజు దినేశ్ ఫోన్ చేశాడు.

"అన్నా, కనకలక్ష్మి మానిటర్ల మనుషులందరు ఉబ్బిపోయి కనవడ్తున్నరు. జర చూసిపో."

రామబ్రహ్మం వెళ్లి సున్నా గీశాడు. పడుకున్న గుడ్డు. ఏవో రెండు నొక్కి సరిచేశాడు. బొమ్మ తేటగా వచ్చింది, అక్షరాలు చిన్నవయ్యాయి, సున్నా మూతలో కుదిరింది.

"చూడు చెల్లె, అద్దం లెక్క అయింది!"

కనకలక్ష్మి ముక్కు తెరకు తగిలేదాకా వంగింది.

"ఏమైంది?"

"అన్నా, జర మెల్లగ. కండ్లల్ల శుక్లాలొచ్చినయ్. వచ్చే నెల దవాఖానల ఆపరేషన్. పెద్దక్షరాలుంటెనే కనవడ్తదని నేనే నొక్కి నొక్కి అట్ల చేసుకున్న. సారుకు తెలిస్తే కింద పార్కింగుల నిలవెడ్తడు. గా పొగల నాతోని అయితదా?"

అక్షరాలొక్కటే పెంచుదామని రామబ్రహ్మం చాలాసేపు తంటాలు పడ్డాడు. పేర్లు ఎక్కించే ప్రోగ్రాం పాతది, మాట వినలేదు. చేతిలోని మూతను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, వృత్తిలో మొదటిసారి, చక్కటి సున్నాను తన చేత్తోనే గుడ్డు చేశాడు.

అంతలో దినేశ్ వచ్చాడు.

"అయిందా అన్నా?"

"అయింది సార్."

దినేశ్ కెమెరా ముందుకెళ్లి నిలబడి, మెడ తిప్పి తెరకేసి చూశాడు. "మరి నేనింకా గిట్లనే ఉన్న ఏంది?"

రామబ్రహ్మం మూతను తెరకెదురుగా పట్టాడు. ఈసారి రెండు కళ్లూ మూసుకున్నాడు.

"గుండ్రమే సార్."

దినేశ్ పొట్ట తడుముకున్నాడు. ఆ మూత సంగతి టవరంతా ఎరుగును, దానితో వాదించలేం. మర్నాటినుంచి సమోసాలు మానేశాడు, లిఫ్టు వదిలేసి మెట్లెక్కసాగాడు.

మరుసటి నెల కనకలక్ష్మి ఆపరేషన్ చేయించుకుని తిరిగి డెస్కు దగ్గరికి వచ్చింది. "అన్నా, ఇగ ఫికర్ లేదు, మంచిగ కనవడ్తున్నది. గుండ్రం చెయ్యి" అని కబురు పెట్టింది. రామబ్రహ్మం పరుగున వచ్చి, గుడ్డును సున్నా చేసి, మూతతో చూసి, నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

మెట్లు దిగొచ్చిన దినేశ్ తెరలో తనను తాను చూసుకుని గంతేశాడు.

"చూసినవా అన్నా, నెలల ఎంత సన్నగైననో! అంతా మెట్ల మహిమ!"

కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపకుండ్రి సార్," అని రామబ్రహ్మం మూత సంచిలో వేసుకున్నాడు.