నిల్వ పెట్టిన సీట్లు

కడప మార్కెట్ యార్డులో పసుపు వ్యాపారం చేసే నాగసుబ్బయ్యకు ఒకటే సిద్ధాంతం. సరుకు చేతిలో ఉన్నవాడు తొందరపడకూడదు. అందరూ ఎగబడి అమ్ముకుంటుంటే ఆయన గోదాముకు తాళం వేసి, ఇంటికొచ్చి, మజ్జిగ తాగి పడుకుంటాడు. ధర ఎక్కినాక లేస్తాడు. ఈ ఓపికతోనే రెండు లారీలు కొన్నాడు, మేడ కట్టాడు. లోకంలో ఉన్న ప్రతిదీ పసుపుకొమ్మే అనుకోవడం ఒక్కటే ఆయనకున్న జబ్బు.

ఆయన తమ్ముడి కొడుకు మురళి ఒక బ్యాంకు తరఫున క్రెడిట్ కార్డులు అంటగట్టే ఉద్యోగం చేసేవాడు. "నాకు టార్గెట్ ఉండాది పెదనాయనా, ఒక్క కార్డు తీసుకో" అని కాళ్లావేళ్లా పడితే, పోనీలే పిల్లోడు బతకనీ అని నాగసుబ్బయ్య ఒకటి తీసుకున్నాడు. లారీల డీజిలంతా దానిమీదే కొట్టించేవాడు. అలా రెండేళ్లు దాటినాక, 2005లో ఒక రోజు, మురళి ఆనందం పట్టలేక ఇంటికొచ్చాడు.

"పెదనాయనా, ఆ కార్డు వాడినందుకు నీకు విమానం పాయింట్లు శానా పడినాయి. నువ్వూ పెద్దమ్మా ఊరికే ఢిల్లీకి పోయి రావచ్చు. అదీ బిజినెస్ క్లాసులో! అన్నిటికన్నా ముందు సీట్లు. కాళ్లు బారజాపుకుని కూచోవచ్చు."

కాళ్లు బారజాపుకోవచ్చన్న మాట వంటింట్లో ఉన్న ఆయన భార్య చెన్నమ్మ చెవిన పడింది. అటకమీది నుంచి జాడీ దించబోయి నిచ్చెన జారినప్పటి నుంచి ఆమెకు ఎడమ మోకాలు వంగదు. బస్సెక్కితే ఆ కాలు దారికి అడ్డం. ఎక్కేవాళ్లు దిగేవాళ్లు అందరూ తన్నుకుంటూ పోతారు. రైల్లో రాత్రంతా నరకమే. అందుకని ఆమె ప్రొద్దుటూరు దాటి పోవడం మానేసింది.

కానీ ఢిల్లీలో అక్క ఉంది. వచ్చే మాఘంలో బావకు షష్టిపూర్తి. అమ్మా నాయనా పోయారు, అన్నదమ్ములు లేరు, అక్కకు పుట్టిల్లంటే ఇక చెన్నమ్మే. పుట్టింటి చీర కట్టుకుని పీటలమీద కూర్చోవాలి కదా అక్క! "నువ్వు రాలేకపోతే ఈడనే అంగట్లో ఒకటి కొనుక్కుని కట్టుకుంటాలే" అని ఆమె ఫోనులో నవ్వుతూనే అంది. ఫోను పెట్టేసి చెన్నమ్మ చాలాసేపు ఏడ్చింది.

"ఏమండీ, ఆ సీట్లేవో రాయించండి."

"మాఘం దాకా ఉండాది గదా, తొందరేమి?" అన్నాడు నాగసుబ్బయ్య. "కొత్త కొత్త విమానం కంపెనీలు వస్తాండాయి. వాళ్లలో వాళ్లకు పోటీ పెరిగితే మన పాయింటుకు రేటొస్తాది. అప్పుడు ఇద్దరం కాదు, నలుగురం పోవచ్చు."

ఆ ముఖం చెన్నమ్మకు బాగా తెలుసు. గోదాము తాళం వేసేటప్పటి ముఖం. దాంతో వాదించి గెలిచినవాళ్లు జిల్లాలో లేరు. అయినా వినాయక చవితికి అడిగింది, దీపావళికి అడిగింది. "పెరగనీ" అన్నాడు. ఆమె మాధవరం మగ్గంమీద అక్కకు పట్టుచీర నేయించి బీరువాలో పెట్టుకుని, ఊరుకుంది. ఆలస్యం అమృతం విషం అని మురళి కూడా ఒకసారి గొణిగాడు గానీ, పెద్దాయన వినిపించుకోలేదు.

పుష్యమాసం సగమైనాక నాగసుబ్బయ్య మురళిని పిలిచి, ఇక సరుకు అమ్మేద్దాం అన్నట్టు, సీట్లు రాయించమన్నాడు. మురళి కంప్యూటరు చూసి నీళ్లు నమిలాడు.

"మొదట్లో పడిన పాయింట్లు పోయినాయి పెదనాయనా. మూడేండ్లు వాడకుంటే రద్దయితాయంట."

"పసుపు పుచ్చుతాది గానీ పాయింట్లు పుచ్చుతాయేమిరా?"

"పుచ్చినాయి. పైగా రేటు గూడా పెరిగింది."

నాగసుబ్బయ్య ముఖం వెలిగిపోయింది. "చూస్తివా? నేను చెప్పలే?"

"పెరిగింది మన పాయింటు రేటు కాదు, సీటు రేటు. ముందరికన్నా ఎక్కువ పాయింట్లు అడుగుతాండారు. మిగిలినవాటితో ఒక్క మనిషే పోయి రావచ్చు."

జన్మలో మొదటిసారి నాగసుబ్బయ్య బేరంలో అవతలి పక్కన నిలబడ్డాడు. ఊరుకుంటాడా, విమానం కంపెనీకే ఫోను చేయించాడు. "నాలుగు బస్తాలు కొంటే మేమే దోసెడు కొసరేస్తాం తల్లీ. మీరు ఒక్క సీటు కొసరెయ్యలేరా?" అని అడిగాడు. అవతలి అమ్మాయి నవ్వాపుకుని, ఆ పద్ధతి లేదంది.

ఇంట్లోకి పోతే చెన్నమ్మ చీరను అట్టపెట్టెలో సర్దుతోంది. "కొరియర్లో పంపిద్దాం లెండి" అంది, ఆయన వైపు చూడకుండా. తిట్టి ఉంటే బాగుండేది. నాగసుబ్బయ్యకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"ఎందుకు కొరియరు? ముందు సీటు నీది. నేను అదే విమానంలో వెనక టిక్కెట్టు కొనుక్కుంటా."

అన్నాడే గానీ, లోపల ఇంకో లెక్క ఉంది. ఈమె ఒంటరిగా ఎప్పుడన్నా కూచుందా? భయపడి మీరే ముందు కూచోండి అంటుంది. అప్పుడు చూసుకోవచ్చు.

"సరే" అంది చెన్నమ్మ.

హైదరాబాదు బేగంపేటలో విమానమెక్కినాక ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, వంగని కాలి కింద దిండు కూడా పెట్టారు. నాగసుబ్బయ్యకు చిట్టచివరి వరసలో, ఇద్దరు లావుపాటి మనుషుల నడుమ చోటు దొరికింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవాళ్లు ఆయనవాళ్లు కారు. పైగా విమానం లేవగానే ముందువైపు తెర లాగేశారు.

ఆ తెరను చూస్తూ ఆయన రెండు గంటలు గింజుకున్నాడు. బెల్టు పెట్టుకోవడం తెలిసిందో లేదో. నోరు తెరిచి నీళ్లడిగిందో లేదో. కళ్లు తిరిగితే ఎవరికి చెప్తుంది? రెండుసార్లు లేచి పోబోతే, కూచోండి సార్ అని కూచోబెట్టారు.

ఢిల్లీలో దిగాక జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమెను పట్టుకున్నాడు. "భయపడితివా? నాకోసం చూస్తివా?"

"లేదండీ. శానా బాగుండింది. పండ్ల రసం తాగితి, నిద్రపోతి."

"ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూల్లేదా?"

చెన్నమ్మ ఆశ్చర్యంగా మొగుడి వైపు చూసింది. "పెండ్లయినకాడి నుంచి నేను మీ వెనకే గదా వస్తాండా. మీరు ఎన్నిసార్లు చూస్తిరి?"

ఆ మాటలో కోపం లేదు, దెప్పుడు లేదు. ఊరికే అడిగింది. అంతలో గేటు అవతల అక్క చెయ్యి ఊపుతూ కనబడింది. చెన్నమ్మ అన్నీ వదిలేసి, ఆ వంగని కాలితోనే పరుగులాంటి నడక అందుకుంది. నాగసుబ్బయ్య సామాను మోసుకుంటూ ఆమె వెనకే పోయాడు.