ముందే నింపిన కాగితం

సులోచన సిస్టర్ గురించి చెప్పాలంటే ముందు ఆమె కాళ్ల గురించి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా కాన్పుల గదిలో నిలబడీ నిలబడీ అవి సాయంత్రానికల్లా ఉబ్బిపోతాయి, చెప్పులు ఎక్కవు. కూర్చోవడానికి కుర్చీ ఉంది, తీరికే లేదు. సొంతూరు జఫర్‌గఢ్. ఉద్యోగం మాత్రం కొత్తగూడ దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానలో. చుట్టుపక్కల తండాల పిల్లల్లో సగం మందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవే. అందుకు గొప్పగా ఉందా అని అడిగితే, "గొప్పేంది, జర నిద్ర సాలుతలేదు" అంటుంది.

ఆమె చెవి మాత్రం మహా చురుకు. గరాటు లాంటి గొట్టం కడుపు మీద ఆనించి చెవి పెట్టిందంటే, లోపలి బిడ్డ గుండె నిమిషానికి ఎంత కొట్టుకుంటోందో గడియారం చూడకుండానే చెప్పేస్తుంది. డాక్టర్లు నవ్వుతారు గానీ, లెక్కపెట్టి చూస్తే ఆమె మాటే నిజమవుతుంది.

రెండేళ్ల క్రితం పరిశోధన ఒకటి వచ్చి నెత్తిన పడింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని చిన్న దవాఖానల్లో, నొప్పుల మీదున్న తల్లి కడుపులో బిడ్డ గుండెను అరగంటకోసారి విని రాస్తే ఎందరు బిడ్డలు దక్కుతారో తేల్చాలట. మంచి పనే, ఎవరు కాదన్నారు? అరచేతిలో పట్టే మిషన్ ఇచ్చారు. గళ్ల కాగితాలు కట్టలు కట్టలుగా ఇచ్చారు. ఇంకో మనిషిని మాత్రం ఇవ్వలేదు. మూడు మంచాలకు ఒక్క సిస్టర్! చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

అంతకుముందూ దవాఖానలో ఇలాంటి గళ్ల కాగితమే ఉండేది, దాన్ని కాన్పయ్యాక తీరిగ్గా నింపేవాళ్లు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పరిశోధన వచ్చాక కాగితం ఏ నిమిషాన అడిగినా చూపించాలన్నారు. దాంతో సులోచన తన దారి తాను చూసుకుంది. పొద్దున చేరిన మనిషికి మధ్యాహ్నం దాకా అంకెలు ముందే రాసేసేది. నూట నలభై, నూట ముప్పై ఎనిమిది, నూట నలభై రెండు. వీలు చిక్కినప్పుడు వినేది, చిక్కనప్పుడు లేదు. పరిశోధన తరఫున నెలకోసారి వచ్చే జనగామ పిల్ల సింధూజ, "మూడు జిల్లాల్ల మీ కాగితాలే నీటుగున్నయి సిస్టర్" అని మెచ్చుకునేది. సులోచనకు సిగ్గూ వేసేది, సంతోషమూ కలిగేది.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు రజిత అనే లంబాడా పిల్ల వచ్చింది. తొలి కాన్పు. తోడుగా అక్క తారి. తారిని సులోచన చూడగానే గుర్తుపట్టింది. పోయిన చలికాలం ఇదే గదిలో తారికి చచ్చిన మగబిడ్డ పుట్టాడు. ఆ రోజు సులోచనే కాగితం తెరిచి చూపించింది. "చూడు బిడ్డా, ఆఖరు దాక గుండె మంచిగనే కొట్టింది. దేవుడే గట్ల రాసిండు" అని ఓదార్చింది. తారి ఆ మాట పట్టుకుని ఇంటికి పోయింది.

రజిత కాగితం మీద పన్నెండింటి దాకా అంకెలు పడిపోయాయి. ఈలోగా మిగతా రెండు మంచాల మీద రెండు కాన్పులు ఒకదాని వెంట ఒకటి. సులోచనకు ఊపిరాడలేదు. పన్నెండు దాటాక రజిత దగ్గరికి వచ్చి, నొప్పి తగ్గగానే గొట్టం ఆనించింది. గుండె మెల్లగా నడుస్తోంది. మిషన్ పెడితే తొంభై ఆరు; నూట పదికి తగ్గితే బిడ్డకు గండమే. ఇంకో నొప్పి వచ్చిపోయాక మళ్లీ విన్నది. తొంభై.

ఇక్కడ ఆపరేషన్ చేసే వీల్లేదు. మహబూబాబాద్ పెద్ద దవాఖానకు ఫోన్ కొట్టింది. కేసు పంపేముందు కాగితం ఫోటో పెట్టాలన్నది పరిశోధన నియమం. అలవాటు కొద్దీ పెట్టేసింది. డాక్టర్ దయాకర్ ఫోన్‌లోకి వచ్చాడు.

"పొద్దటి నుంచి నూట నలభై ఉంది కదా సిస్టర్, పరేషాన్ ఎందుకు?"

"ఇప్పుడు తొంభైకి పడుతున్నది సార్."

"మిషన్ జారి ఉంటది. తల్లి నాడి విన్నరేమో. ఇక్కడ థియేటర్‌ల ఇంకో కేసు ఎక్కుతున్నది. రెండింటికి మళ్ల చెప్పుండ్రి."

అడ్డుపడింది తాను రాసిన అంకెలే. నిజం చెబితే ఉద్యోగానికే ఎసరు. రిటైర్‌మెంట్ ఇంకా రెండేళ్లుంది. చెప్పకపోతే రెండింటిదాకా ఆ గుండె ఆగుతుందా? సులోచన గోడకు ఆనుకుంది. కళ్లు మూసుకుంది.

"సార్, ఆ అంకెలు నేను వినలే. పొద్దున్నే రాసిపెట్టిన. ఇప్పుడు విన్నదొక్కటే నిజం. థియేటర్ ఆపుండ్రి, పిల్లను పంపుతున్న."

"పంపుండ్రి" అన్నాడు దయాకర్. సులోచన వెనక్కి తిరిగింది. గుమ్మంలో చాయ్ ఫ్లాస్కు పట్టుకుని తారి నిలబడి ఉంది.

మహబూబాబాద్‌లో ఆపరేషన్ చేశారు, బిడ్డ దక్కింది. మెడకు బొడ్డుపేగు రెండు చుట్లు చుట్టుకుందట. ఆలస్యంగానైనా ఏడ్చింది.

ఆ వారంలోనే సులోచనకు మెమో వచ్చింది. సింధూజ వచ్చి, తలెత్తకుండా, "మీ కాగితాలన్నీ పరిశోధన లెక్కల నుంచి తీసేస్తున్నరు సిస్టర్" అని కట్టలు మోసుకుపోయింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. సులోచన కూడా పోయిందనే అనుకుంది. ఎన్నేళ్లకో వరసగా రెండు రాత్రులు ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

పదో రోజు తారి మిఠాయి డబ్బాతో వచ్చింది. చెల్లి, పాప ఇల్లు చేరారని చెప్పింది. డబ్బా బల్ల మీద పెట్టింది, కానీ కదల్లేదు.

"సిస్టర్, నా కొడుకు కాగితం సుత గట్లనే ముందుగాల రాసినవా?"

గుర్తులేదని అనొచ్చు. అలసిపోయిన ప్రాణానికి ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"రాసిన బిడ్డా."

"మరి వాని గుండె ఎప్పుడాగింది?"

"నాకెరుక లేదు. నేను వినలే."

తారి తల ఊపింది. ఏడవలేదు.

"ఏడాది సంది నేను దేవుణ్ని తిట్టుకుంటున్న సిస్టర్" అంది.