బోటు మీద లావు గీతలు

నా చిన్నప్పుడు మా నాన్న, బాబాయి కలిసి కాకినాడలో చేపల వేటకి కొత్త బోటు కట్టించారు. దానికి మా మామ్మ పేరే, మణి అని పెట్టారు. బళ్ళో బొమ్మలు బాగా వేస్తానని పేరు రాసే పని నాకు అప్పగించారు. అప్పట్లో బట్టల కొట్టువాళ్ళిచ్చిన కేలండర్ మీది ఇంగ్లీషు అక్షరాలంటే నాకు మహా ఇష్టం. ఒక గీత బొద్దుగా, పక్క గీత వెంట్రుకంత సన్నంగా, చివర్లలో బుజ్జి పాదాలతో పెళ్ళికి ముస్తాబైనట్టుండేవి. అచ్చం అలాగే, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో MANI అని, బోటు ముందువైపు రెండు పక్కలా తెలుపు మీద నల్లగా రాశాను. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నాన్న వేటకి తీసుకెళ్తున్న బోటు నీళ్ళలోకి దిగి కాస్త దూరం వెళ్ళిందో లేదో, ఒడ్డున ఉన్న మా కంటికి సన్నగీతలన్నీ మాయమయ్యాయి. లావుగీతలు మాత్రం విరిగిన దడిలా, ఒకటి వాలుగా, ఒకటి నిలువుగా మిగిలాయి.

"ఇదేంటమ్మా, కర్రలు పాతినట్టుంది! పేరేదీ?" అని బాబాయి పగలబడి నవ్వాడు. నాన్న వేట నుంచి రాగానే తనే అన్నీ ఒకే లావున దిద్దేస్తానని కూడా బాబాయే అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మామ్మ కొంగుతో నా మొహం తుడిచి, వెళ్ళిపోతున్న బోటువైపే చూస్తూ నిలబడింది.

మామ్మకి చదువు రాదు. మా తాతయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినుంచి బోట్లు వచ్చే వేళకి ఆవిడ ఇంటిపట్టున ఉండకుండా రేవుకి వచ్చేసేది.

నాన్న రావాల్సిన రోజున గాలీ వానా పట్టుకున్నాయి. ఆడవాళ్ళందరం రేవులో నిలబడ్డాం. ఒక్కో బోటూ వస్తోంది. వాటి మీది పేర్లన్నీ ఆ జల్లులో ఒకే మరకలా ఉన్నాయి. దగ్గరికొచ్చేదాకా ఎవరిదో తెలియక అందరూ అల్లాడిపోతున్నారు.

ఉన్నట్టుండి మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాలు, నిలువు, వాలు, వాలు, నిలువు" అని తనలో తనే అనుకుని, "అదుగో, మీ నాన్న!" అంది. నిజంగానే అది మా బోటు. నేను ఏడుస్తున్నంతసేపూ ఆవిడ ఆ గీతల్ని కంఠతా పట్టిందన్నమాట.

మర్నాడు బాబాయి పెయింటు డబ్బా తెస్తే మామ్మ అడ్డుపడింది. "దాని మీద చెయ్యి వెయ్యకురా. అన్ని బోట్లలోకీ ఇదొక్కటే నాకు దూరాన్నుంచి తెలుస్తుంది."

"సన్నగీతలు కనపడవు కదమ్మా!"

"అవి ఒడ్డుకొచ్చాక చూసుకుంటాన్లేరా."

నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళికార్డుల మీద, నగల కొట్టు బోర్డుల మీద అలాంటి అక్షరాలు కనిపిస్తే ఇప్పటికీ ఆగిపోతాను. అవి పెద్దగా రాస్తేనే అందమనీ, చిన్నగా రాస్తే సన్నగీత బతకదనీ పిల్లలకి చెప్పేదాన్ని. మామ్మ చెప్పింది మాత్రం ఈమధ్యే పూర్తిగా నాకు ఒంటబట్టింది. నా చూపు మందగించింది. సాయంత్రం మనవరాలు కాలేజీ బస్సు దిగి సందు మొదట్లోకి వస్తుంది. ముఖం కంటికి ఆనదు. నిలువుగా ఓ మనిషి, భుజం మీంచి వాలుగా ఓ సంచీ, అంతే. నా ప్రాణం కుదుటపడుతుంది. ముఖం గుమ్మంలోకి వచ్చాక చూసుకుంటాను.