మగ్గానికి పోయిన కరెంటు

కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే, ఆ వాసనకు నగరిలోని మా ఇల్లు గుర్తొచ్చింది. ముందుగదిలో రెండు మరమగ్గాలు ఉండేవి. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సిందే. బడిలో ఇంగ్లీషు క్రియలు అప్పజెప్పమంటే నేను అలాగే అరిచాను. క్లాసంతా నవ్వింది. ఇక బడికి పోనని ఇంటికొచ్చి ఏడ్చాను.

మరుసటి సాయంత్రం నేను పుస్తకం తీయగానే మగ్గాలు ఆగిపోయాయి.

"కరెంటు పోయింది పాపా. వచ్చేలోపల సదువుకో," అంటూ నాయన దీపం వెలిగించి నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ప్రశ్నలు అడిగాడు.

"రోజూ తింటా ఉంటే ఏమనాల?"

"ఈట్."

"నిన్న తినింటే?"

"ఏట్."

"ఇప్పుడే తినేసి చెయ్యి కడుక్కుంటే?"

"హ్యావ్ ఈటెన్!"

"మెల్లగా చెప్పు, నాకు ఇనపడతా ఉండాది."

ఆ ఏడాదంతా సరిగ్గా నా చదువు వేళకే కరెంటు పోయేది. పక్కింటి మగ్గాలు మాత్రం టకటకా ఆడుతూనే ఉండేవి.

"మనింటికే ఎందుకు పోతాది నాయనా?"

"మనింట్లో సదివే పాప ఉండాది కదా, అందుకే."

నా చదువు సంగతి కరెంటోళ్లకు ఎవరు చెప్పారా అని ఎన్నాళ్లో ఆశ్చర్యపోయాను. మెయిన్ స్విచ్చు ఆపేసేది నాయనేనని, మగ్గం ఆగినంతసేపూ కూలి రాదని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

ఈరోజుకీ ఇంగ్లీషు మాట్లాడితే నా గొంతు పైకి లేవదు. పక్కన కూర్చున్న నాయనకు వినపడితే చాలన్నట్టే వస్తుంది.