ప్లాస్టిక్ గడ్డి కింద నుయ్యి

ఇల్లు త్వరగానూ, మంచి ధరకూ అమ్మిపెడతానని పూనుకున్న మా బావమరిది వల్ల నాకూ, నా భార్యకూ కలిగిన అన్యాయాలను ముందుగా వరుసగా పేర్కొంటున్నాను.

ఉగాది వెళ్లిన సోమవారం: నన్ను అడగకుండా హాలు గోడలకు రంగు వేయించాడు. పడమటి గోడకు చెమ్మ ఉన్నదనీ, ముందు ఆరనివ్వాలనీ చెప్పాను. వినలేదు.

అదే వారం గురువారం: ఊరగాయ జాడీలు, గోడ క్యాలెండర్లు, నా పడక కుర్చీ డాబా మీది గదికి చేరాయి. ఇల్లు ఖాళీగా, పెద్దగా కనబడాలట. నాటి నుంచి నేను స్టూలు మీద కూర్చుని పేపరు చదవవలసి వచ్చింది.

శ్రీరామనవమి ముందు రోజు: పెరటి నూతి గట్టు మీద చెక్కపలకలు పరిచి, చుట్టూ ప్లాస్టిక్ పచ్చగడ్డి కప్పి, పైన పూలకుండీలు పెట్టాడు. నుయ్యి ఉంటే పాతకాలపు ఇల్లనుకుంటారని వాడి వాదన.

ఆ తరువాతి ఆదివారం: ఇల్లు చూడవచ్చినవారి ముందు నేను నోరు విప్పరాదని ఆంక్ష పెట్టాడు. కారణం అడిగాను. "నువ్వు నిజం సెప్పీత్తావు బావ" అన్నాడు.

చందనోత్సవం మర్నాడు: నా భార్య చేతికర్రను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పైవాటిని క్షమించగలను, దీనిని క్షమించలేను.

మేము ఇల్లు అమ్మదలచినది ఆ కర్ర వల్లనే. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి విశాఖపట్నం వచ్చి, స్టోర్సులో కాగితం లేనిదే ఒక్క బోల్టునూ గేటు దాటనివ్వకుండా పనిచేసి, కొండవాలున ఈ ఇల్లు కట్టుకున్నాను. వీధి నుంచి గుమ్మం దాకా అన్నీ మెట్లే. వయసులో ఉండగా అవి మెట్లని మాకు తోచలేదు. ఇప్పుడు నా భార్య మోకాళ్లకు అవి మెట్లు కావు, గోడ. కిందటి వానాకాలం ఒకసారి జారిన తరువాత ఆమె వీధి ముఖం చూడటం దాదాపు మానుకుంది. ఎలమంచిలిలో, ఆమె చెల్లెలి ఇంటికి దగ్గరగా, చదునైన నేల మీద ఒక చిన్న ఇల్లు అమ్మకానికి ఉన్నది. వానలు పడేలోగా సొమ్ము తెస్తే ఇస్తానని దాని యజమాని మాట ఇచ్చాడు. మా ఇల్లు అమ్ముడుపోకపోతే ఆ ఇల్లు మరొకరిదవుతుంది. ఆమె మరో వానాకాలం ఈ మెట్ల పైనే గడపాలి.

బావమరిదికి ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం ఉన్నది. ఏ పాత సీటునైనా కొత్త రెగ్జిను తొడిగి మెరిపించగలడు. ఇంటికీ అదే వైద్యం చేశాడు. దాని ఫలితం మొదట చూడవచ్చిన దంపతులతోనే తేలిపోయింది. భర్త పడమటి గోడ దగ్గర ఆగి, వాసన చూసి, "దేని మీద వేశారండీ ఈ రంగు?" అని అడిగాడు. బావమరిది నవ్వాడు. నేను ఆంక్షను పాటించాను. వారు మళ్లీ రాలేదు.

చందనోత్సవం మర్నాడు ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఒక పెద్దావిడ వస్తున్నట్టు కబురు వచ్చింది. సముద్రపు ఒడ్డున ఉండే చేపల వేట కుటుంబం. వేట నిషేధపు రోజులు కావటం వల్ల పడవలు కట్టేసి, కొడుకులు ఇంటిపట్టున ఉన్నారు. వారు వచ్చే ముందే బావమరిది కర్ర అందుకున్నాడు.

"కర్ర సూత్తే అవసరానికి అమ్ముతన్నారని తెలిసిపోద్ది. రేటు దించీత్తారు. ఆళ్లెల్లీదాకా వంటింట్లో కూకో అక్కా."

"అలగే కూకుంటాన్రా. కాఫీ కూడా నువ్వే కలిపి, నువ్వే మోసుకెళ్లు" అన్నది నా భార్య.

పెద్దావిడ మెట్లన్నీ ఆయాసం లేకుండా ఎక్కి వచ్చింది. కొత్త రంగు వైపు చూడలేదు. కుర్చీ చూపిస్తే వద్దని నేల మీద కూర్చుని అడిగింది:

"నీళ్లేటి బాబూ?"

"కొళాయున్నాది పిన్నీ. మినరల్ వాటర్ టిన్ను రోజూ గుమ్మంలోకి వచ్చీత్తాది" అన్నాడు బావమరిది.

"టిన్ను నీళ్లతో పప్పు ఉడకేత్తావేటి? మా ఒడ్డున నుయ్యి ఉప్పెక్కిపోనాది. పొద్దున్నేసిన పప్పు మద్దేనానికీ రాయే. ఆ నీళ్ల బాధకే ఇల్లు మారతన్నాం. నుయ్యి నేదా?"

"నేదు పిన్నీ."

వంటింట్లోంచి గొంతు వచ్చింది. "ఉన్నాది! పెరట్లో ఉన్నాది! ఆ కుండీలు తియ్యరా ముందు!"

పెద్దావిడ అటు తిరిగింది. "ఎవలమ్మా అది? లోపలే ఉండిపోనావేటి?"

"కర్ర బీరువాలో ఉన్నాదమ్మా. తాళం మా తమ్ముడి జేబులో ఉన్నాది."

కొడుకులిద్దరూ పకపకా నవ్వారు. బావమరిది ఆ తాళం తీసిన తీరు నేను ఎన్నటికీ మరువను. తరువాత పెరట్లోకి వెళ్లి కుండీలు దించాడు, పలకలు ఎత్తాడు, గడ్డి చుట్ట చుట్టాడు. పెద్దావిడ గట్టు మీద చెయ్యి వేసి, "నూతికి కోక కట్టినావేటి నాయనా?" అన్నది.

కొండరాతిలోంచి ఊరే నీరు అది. ఆమె చెంగు ముడి విప్పి గుప్పెడు కందిపప్పు తీసింది. ఇల్లు చూడబోయిన ప్రతిచోటా ఆ పప్పే తన పరీక్ష అన్నది. నూతి నీళ్లు తోడి, ఉప్పు వేయకుండా, మూత వేయని గిన్నెలో నా భార్య పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ల గురించీ, మెట్ల గురించీ, ఎలమంచిలి గురించీ మాట్లాడుకున్నారు. దాచవలసినదేదీ మిగలలేదు కనుక నా మీది ఆంక్ష కూడా చెల్లిపోయిందని భావించి, నేను కొడుకులను పడమటి గోడ దగ్గరకు తీసుకువెళ్లి చెమ్మ చూపించాను. రంగు గీకించి, గోడ ఆరబెట్టించి ఇచ్చే ఖర్చు నాదేనన్నాను.

"సెమ్మ మాకు సుట్టమే బాబూ, సముద్రం పక్కనోళ్లం" అని వంటింట్లోంచే పెద్దావిడ అన్నది.

పప్పు ఉడికింది. ఆమె ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపింది. చెయ్యి గోడకు తుడవబోయి, కొత్త రంగు చూసి ఆగి, చెంగుకు తుడుచుకున్నది. అప్పుడు బేరం మొదలుపెట్టింది.

"అవసరానికి అమ్ముతన్నారు. ధర కొంత తగ్గించండి."

"మీరూ అవసరానికే కొంటున్నారు కదమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. నేను చెప్పిన ధర నిలిచింది. పడవలు మళ్లీ వేటకు కదిలేలోగా గృహప్రవేశం కావాలని మాత్రం అడిగారు. మాకు కావలసినదీ అదే. బయానా ముట్టింది, ఒప్పందం రాసుకున్నాం.

ఇప్పుడు నా భార్య పొద్దున్నే లేచి, ఎలమంచిలి ఇంట్లో ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చెల్లెలిని ఫోనులో అడుగుతున్నది. వీధి అరుగు మీద కూర్చుని కూరగాయలు బేరమాడతానంటున్నది. ఆమె గొంతులో ఆ హుషారు విని చాలా కాలమైంది.

బావమరిదిలో మాత్రం మార్పు లేదు. "నుయ్యి దాసబట్టే గదా బావ, ఆళ్లంత సంబరపడిపోనారు" అంటున్నాడు. ఎలమంచిలి ఇంటి బేరమూ తానే నడుపుతున్నాడు. నిన్న ఫోనులో ఫోటోలు పంపాడు. ఇల్లు తళతళలాడుతున్నది. అన్నీ వీధి వైపు నుంచి తీసినవే. ఆదివారం నాటికి మేము అక్కడ మాట ఇవ్వాలి. అందువల్ల వాడికి ఈ కింది విధంగా రాసి పంపుతున్నాను.

"చిరంజీవి బావమరిదికి. ఎలమంచిలి ఇంటి విషయమై కింది ప్రశ్నలకు సమాధానాలు కోరడమైనది. ఆ ఇంటికి రంగు ఎప్పుడు వేశారు? పెరటి ఫోటో ఎందుకు లేదు? వాన కురిస్తే ఆ వీధిలో నీళ్లు ఎటు పోతాయి? గడపా, స్నానాలగది గట్టూ ఎంత ఎత్తు? మీ అక్క వాటిని ఒకరి సాయం లేకుండా దాటగలదని నీవు స్వయంగా చూశావా? అమ్మేవాడు ఏమేమి కప్పిపెడతాడో నీకన్నా బాగా తెలిసినవాడు లేడు కనుక, అక్కడికి వెళ్లి, ప్రతి పలకా ఎత్తి చూసి, శనివారం సాయంత్రంలోగా లిఖితపూర్వకంగా, సంతకంతో జవాబు ఇవ్వవలసినది. 'నాను సూసీసినాను గదా బావ' అన్న ఫోను మాట జవాబుగా స్వీకరింపబడదు."