మోకు పట్టే బావమరిది

నేను అనుమానం మనిషిని. పాలవాడు చెంబులో పాలు పోస్తే వేలు ముంచి, గోరు మీద బొట్టు నిలబడుతుందో జారుతుందో చూసిన తర్వాతే లోపలికి తీసుకెళ్లేదాన్ని. కండక్టర్ టికెట్ చించి ఇస్తే వెనకాముందూ తిప్పి చదివేదాన్ని. "నీతో కాపరం చేసేవాడు పోయిన జన్మలో ఏం పాపం చేశాడో" అనేది మా అమ్మ. అలాంటిదాన్ని కాబట్టే టీవీలో కొండలెక్కేవాళ్లను చూపిస్తుంటే వీధిలో ఆడవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చూశారు గాని, నేను మాత్రం నమ్మితే ఒట్టు.

ఎనభైలు సగం దాటాయి. అప్పుడు మేం గురజాలలో ఉన్నాం. మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, అదీ కిరాణా కొట్టు బాబాయిగారింట్లో. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పిన్నిగారు వరండాలో చాప పరిచి మమ్మల్ని కూర్చోనిచ్చేది. ఆ ఏడు ఎండలు ముదరకముందు వరసగా నాలుగైదు ఆదివారాలు మంచుకొండలెక్కేవాళ్ల డాక్యుమెంటరీలు వేశారు. అంతా ఇంగ్లీషే. బాబాయిగారు తనకు అర్థమైనంత మాకు చెప్పేవారు. అర్థం కానిది కూడా చెప్పేవారని నా అనుమానం.

మొదటి రోజు ఒక ముసలామె అది మంచు కాదని, చిలకలూరిపేట మిల్లులో దూది తెచ్చి పరిచారని తేల్చేసింది. నేను అంతదూరం పోలేదు. నా అనుమానం వేరు.

"బాబాయిగారూ, ఆ కొస మీదికి మొట్టమొదట ఎక్కింది ఈ మనిషేనా?"

"ఈయనేనమ్మా. ఇంతకుముందు ఇటువైపు నుంచి ఎవరూ ఎక్కలేదంట."

"మరి పైన కూర్చుని ఈయన మొహాన్ని ఫొటో తీత్తన్నోడెవడు?"

బాబాయిగారు కాసేపు టీవీ వంక, కాసేపు నా వంక చూశారు. ముందే ఏదో మిషన్ పెట్టి ఉంటారన్నారు. ఆ మిషన్‌ను పైకి మోసినవాడెవడని అడిగాను. నోరు మూసుకుని చూడమని పిన్నిగారు నా తొడ మీద ఒక్కటిచ్చింది. పైన ఏముందని ఎక్కుతున్నారని అడిగితే ఏమీ లేదు, ఎక్కి దిగుతారంతే అన్నారు. ఏమీ లేనిదానికి మంచులో కాలివేళ్లు కుళ్లబెట్టుకునేవాళ్లుంటారా? పైన ఏదో ఉంది, మనకు చూపించడం లేదు అనుకున్నాను.

ఆ తర్వాత తాడు చూపించారు. పైన ఒకడు, కింద ఒకడు, మధ్యలో తాడు. అది చూశాక నాకు మాట ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే ముందు మా ఆయన పని చెప్పాలి.

మా ఆయన రాళ్ల క్వారీలో మోకు మనిషి. మోకంటే లావుపాటి తాడు. రాతికి మందు పెట్టి పేల్చాక నిలువు గోడ మీద కొన్ని రాళ్లు పట్టు జారి, పడీ పడకుండా ఉంటాయి. కింద జనం పనిలోకి దిగేలోగా ఒకడు నడుముకు మోకు కట్టుకుని పైనుంచి గోడ వెంట దిగి, గడ్డపారతో వాటిని పెళ్లగించి తోసెయ్యాలి. మోకు రెండో కొస పైన ఇంకొకడు పట్టుకుంటాడు. ఆ పట్టుకునేవాడు దిగినవాడికి బావమరిదే అయి ఉండాలని క్వారీలో కట్టడి. అన్నదమ్ములు పనికిరారు, వాళ్ల మధ్య పొలం గట్టు తగాదాలుంటాయి. స్నేహితుడు అసలే పనికిరాడు. పెళ్లాం తమ్ముడైతే అక్క తాళి వాడి చేతిలో ఉన్నట్టే కాబట్టి ప్రాణం పోయినా వదలడు. సొంత బావమరిది లేనివాళ్లు వరసకు ఎవరినో ఒకరిని వెతికి తెచ్చుకునేవాళ్లు. అలా అలా ఆ పనికే ఆ పేరు వచ్చేసింది. "రేపు బావమరిది ఎవర్రా?" అంటే రేపు మోకు పట్టేది ఎవరు అని అర్థం.

మా ఆయనకు సొంత బావమరిదే ఉన్నాడు. నా తమ్ముడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నాన్న పోయాక అమ్మ కూలికి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. వాడు మోకు పట్టినన్నాళ్లూ నేను పొద్దున పూట నిశ్చింతగా అన్నం వండుకున్నాను. లోకంలో నాకు అనుమానం లేని మనిషి వాడొక్కడే.

అందుకే టీవీ చూస్తూ అడిగాను: "బాబాయిగారూ, ఆ పైనోడు ఈడికి బావమరిదేనా?"

వరండాలో అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేదు.

"స్నేహితులంటమ్మా" అన్నారు బాబాయిగారు.

"స్నేహితుడి చేతిలో మోకు పెట్టి దిగుతాడా? ఈడికి పెళ్లయిందా అసలు?"

"అదంతా చెప్పరమ్మా."

అసలు సంగతి చెప్పకుండా కొండ ఎన్ని అడుగులుందో చెప్పి ఏం లాభమని విసుక్కుంటూ ఇంటికొచ్చాను.

ఆ వారంలోనే ఒకరోజు మా ఆయన స్నానానికి చొక్కా విప్పితే నడుము చుట్టూ తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. అడిగితే గోడకు గీసుకుందన్నాడు. గోడకు గీసుకుంటే ఒక పక్కే గీసుకోవాలి గదా, చుట్టూ ఎలా వస్తుంది? పసుపు రాస్తూ ఆ మాటే అడిగాను. "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందే" అని అటు తిరిగి కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం, ఎప్పుడూ తిని గుర్రుపెట్టి నిద్రపోయే మనిషి, నా వెనకాలే టీవీకి వచ్చాడు. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆరోజు సినిమాలో ఒకడు ఒంటరిగా గోడలాంటి కొండ ఎక్కుతున్నాడు. పగులు కనబడ్డ చోటల్లా ఇనప మేకు దిగ్గొట్టి, దానికి తాడు తగిలించి, మళ్లీ పైకి పోతున్నాడు. ఒకచోట కాలు జారాడు. ఆడవాళ్లందరం కళ్లు మూసుకున్నాం. తెరిచి చూస్తే వాడు మేకుకు వేలాడుతూ నవ్వుతున్నాడు. మా ఆయన రెప్ప వెయ్యలేదు. "ఆ మేకు ఎంత పొడుగుంటది బాబాయ్?" అని మాత్రం అడిగాడు. ఆయన దేన్నైనా అంత శ్రద్ధగా చూడటం మా పెళ్లినాడు కూడా నేను చూడలేదు. నాకేదో తేడా కొట్టింది.

అప్పటినుంచి సాయంత్రం ఇంటికి రాగానే అడిగేదాన్ని. "ఇవాళ మోకు ఎవరు పట్టారు?"

"బావమరిది."

రోజూ అదే జవాబు. దాదాపు నెల గడిచింది. నా తమ్ముడు పక్క వీధిలో అమ్మ దగ్గరే ఉంటున్నా మా గడపలోకి రావడం మానేశాడు. ఎదురుపడితే తల వంచుకుని పోతున్నాడు. అమ్మనడిగితే క్వారీలో పని ఎక్కువగా ఉందంట అంది. వీళ్లందరూ కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది, ఏ పువ్వో తెలియడం లేదు.

ఒకరోజు మా ఆయన బాగా అలిసిపోయి వచ్చాడు. కంచం ముందు కూర్చోగానే నా ప్రశ్న నేను అడిగాను. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది కదా, మోకు గట్టిగా పట్టుకున్నాడా అన్నాను.

"గట్టిగానే పట్టుకుందిలే" అన్నాడు ముద్ద కలుపుతూ.

పట్టుకుంది. పట్టుకున్నాడు అనలేదు, పట్టుకుంది అన్నాడు. గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన గమనించుకోలేదు, పప్పు వెయ్యమన్నాడు. వేశాను.

క్వారీలో రాళ్లు మోసే ఆడవాళ్లు పది పన్నెండు మంది ఉండేవాళ్లు. పడుకున్నానన్న మాటే గాని వాళ్లలో ఒక్కొక్కళ్ల మొహమూ తలుచుకుంటూ ఉండిపోయాను. నా తమ్ముణ్ణి పక్కకు నెట్టి తన ప్రాణం చేతికిచ్చాడంటే ఆ ఆడది ఈయనకు ఏమవుతుంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన మోకు తెగి పడతాడేమోనన్న భయం కంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

మర్నాడు ఇంటికి తాళం వేసి క్వారీకి నడిచాను. దాని ముక్కూ మొహమూ చూసి, నలుగురిలో నాలుగు మాటలని రావాలని బయల్దేరాను. దారిలో ఆ నాలుగు మాటలూ వరస కూడా పెట్టుకున్నాను.

క్వారీ పై అంచుకు చేరేసరికి అక్కడ ఆడదీ లేదు, మగవాడూ లేడు. బండ పగుల్లో దిగ్గొట్టిన ఇనప మేకు ఒకటి ఉంది. నా మోచెయ్యంత పొడుగుంటుంది. దానికి మూడు చుట్లు తిప్పి కట్టిన మోకు అంచు దాటి కిందికి పోయింది, బిగుసుకుని, కొంచెం కొంచెం కదులుతూ. కింద గడ్డపార చప్పుడు వినబడుతోంది. ఆ మోకు కొసన మా ఆయన ఉన్నాడు. పైన ఎవరూ లేరు.

పిలిస్తే ఉలిక్కిపడతాడని పిలవలేదు. ముందుకెళ్లి బండ మీద కూర్చుని, మేకుకూ అంచుకూ మధ్య మోకును రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్లు రాతికి తన్నిపెట్టాను. మేకు ఊడితే నేను ఆపగలిగేదాన్నా? లేదు. నాకప్పుడు ఆ లెక్క తెలియలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో, అరచేతులు మొద్దుబారిపోయాయి. మేకు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆయన మోకు పట్టుకుని పైకి పాకి వచ్చి, అంచు మీదికి తల ఎత్తి, నన్ను చూశాడు.

"ఏం చేత్తన్నావే ఇక్కడ?"

"బావమరిదేడి?"

ఆయన పైకెక్కి, నడుము ముడి విప్పుకుని, మేకు వంక చూపించాడు. "ఇదే. కమ్మరి చేత చేయించా. ఇక్కడందరూ దీన్ని బావమరిదనే అంటన్నారు. నీకు నేను అబద్ధం చెప్పలా."

"నా తమ్ముడేమయ్యాడు?"

"తాగి వచ్చాడు. మోకు జారింది. నా నడుం చూశావుగా. బండకు ఒక చుట్టు తిప్పి ఉంది కాబట్టి మనిషెత్తు జారి ఆగింది." చెమట తుడుచుకున్నాడు. "మేకు తాగదే."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెబితే మీ అమ్మ ఇంటికి పోయి గోల చేత్తావు. వీధిలో నలుగురికీ తెలుత్తది. ఊరుకో ఇంక."

ఊరుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. నా తమ్ముణ్ణి లారీ లోడింగులో వేశారని తెలుసుకుని కిందికి దిగాను. లారీ నీడలో ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. వాణ్ణి చూడగానే తిట్లు లంకించుకున్నాను. తాగి మోకు పట్టడానికి సిగ్గు లేదా అన్నాను, నా పసుపు కుంకాలు సారాయి సీసాలో కలిపావు గదరా అన్నాను. వాడు చేయి కడుక్కుని తల వంచుకుని విన్నాడు.

"ఎంత తాగావురా ఆ రోజు?"

"నేనెప్పుడన్నా తాగటం చూశావా అక్కా?"

చూడలేదు. అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. మనిషి బరువుతో జారిన మోకు చేతుల్ని ఊరికే వదలదు, అరచేతి తోలు ఊడ్చుకుపోతుంది. నెల దాటినా మచ్చ ఉండితీరాలి. "ఏదీ, చేతులు చూపియ్యి" అన్నాను. చూపించాడు. మోకు పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు, అంతే. కాలిన మచ్చ ఎక్కడా లేదు.

"జారలేదు కదరా."

వాడు అన్నం గిన్నెకు మూత పెట్టాడు.

"నా కాళ్ల కింద బండ పెచ్చు లేచిందక్కా. బావతో పాటు నేనూ పోతాననిపించింది. వదిలేశా. ఆ బండ చుట్టే బావను ఆపింది."

"మరి బావ తాగావంటాడేంది?"

"పైకొచ్చి అందరి ముందూ నన్ను చెంప మీద కొట్టి, తాగొచ్చాడు నా కొడుకు అని తిట్టాడు. తాగినోణ్ణి కొన్నాళ్లు పోయాక మళ్లీ మోకు పనికి రానిత్తారు. మోకు వదిలినోణ్ణి ఎవరూ రానియ్యరు. పిల్లను కూడా ఎవరూ ఇయ్యరు." వాడు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "బావ ఇంతవరకూ నన్ను ఎందుకు వదిలావని అడగలా. నువ్వు ఆయనకు చెప్పమాకక్కా, నేను చెప్పానని."

నెల రోజులుగా నేను అనుమానించింది మా ఆయన్ని. ఆ నెల రోజులూ ఆయన రోజూ ఒంటరిగా ఆ గోడ దిగుతూ, నా తమ్ముడి పరువు నా దగ్గర కూడా దాచిపెట్టాడు. ఇదంతా ఆ లారీ పక్కన నిలబడే నాకు అర్థమైంది. వాణ్ణి అక్కడికక్కడే చెప్పు తీసుకుని కొట్టాలి నేను. కొట్టలేదు. వాడి పక్కన కూలబడి వాడి తల నా భుజానికి అదుముకున్నాను. వాడు మోకు వదిలేశానన్నప్పుడు నాకు ముందు తోచింది, హమ్మయ్య, నా తమ్ముడు పడలేదు అని. మా ఆయన పడబోయాడన్నది ఆ తర్వాత తోచింది. ఆ వెనకాముందుల సంగతి మాత్రం ఇన్నేళ్లలో ఆయనకు నేను చెప్పలేదు.