మగ్గం గుంత దగ్గర దేవుడు నన్ను నిలబెట్టాడు

సహోదరులారా, ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా పొద్దున లేవడానికే మనసు రాని రోజులు నేను చూశాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో బొంబాయిలో ఆక్యుపేషనల్ థెరపీ చదివి, హిందూపురం దగ్గర ఒక ఆసుపత్రిలో చేరాను. జబ్బు తగ్గినా చేతులు స్వాధీనంలో లేనివాళ్లకు గుండీ పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, తమ పని తాము చేసుకోవడం మళ్లీ నేర్పించడమే నా ఉద్యోగం. పెనుకొండలో మా నాయనకే అది అర్థం కాలేదు. "అన్నం తినేది నేర్పేదానికి బొంబాయి దాకా పోయి చదవల్లనామ్మా?" అనేవాడు. కొన్నేళ్లకు నాకూ అదే ప్రశ్న మొదలైంది. వారాల తరబడి నేర్పితే ఒక వేలు కదిలేది, వాళ్లు ఊరికి పోయి మానేస్తే అదీ బిగుసుకుపోయేది.

అప్పుడు ధర్మవరం నుంచి నాగప్ప అనే పట్టుచీరలు నేసే ఆయన పక్షవాతంతో వచ్చాడు. కుడి చెయ్యి పడిపోయింది. నాలుగు నెలలు ఆ చేతికి చెక్కముక్కలు పట్టించాను. ఒకరోజు వాటిని పక్కకు తోసి, "నాకు మగ్గం కావల్లమ్మా, ఈ ఆటలు కాదు" అని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రాజీనామా రాసుకొని ప్రార్థించాను: "ప్రభువా, నా వల్ల కాదు. ఈ పని నువ్విచ్చిందో, నేనే నెత్తికెత్తుకున్నానో తెలీడం లేదు. అలసిపోయినాను."

ఆ కాగితం ఇంకా ఇవ్వకముందే నాగప్ప భార్య లక్ష్మమ్మ కబురు పంపింది, ఆయన అన్నం ముట్టడం లేదు, ఒక్కసారి రమ్మని. మనసొప్పకపోయినా వెళ్లాను. నాగప్ప గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆ పక్కనే ఆయన మగ్గం ఉంది. మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, "నాగప్పన్నా, నాకు నేసేది నేర్పిస్తావా?" అన్నాను. అది నేను అనుకొని అన్న మాట కాదు, దేవుడే నా నోట పెట్టాడు.

ఆయన మెల్లగా లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను పట్టు కండె ఉన్న నాడెను ఈ పక్క నుంచి ఆ పక్కకు వేస్తే అది పోగుల్లో ఇరుక్కుంది. "అట్ల కాదమ్మా, పోగులు తెగుతాయి, ఈడ పట్టుకో" అంటూ ముందుకు వంగాడు.

లక్ష్మమ్మ నెమ్మదిగా అంది, "సూడు, నీ చెయ్యి యాడుండాదో."

పడిపోయిన ఆయన కుడి చెయ్యి చీర అంచు మీద ఆని ఉంది.

నాకు సిగ్గేసింది. ఆయన పని ఏమిటో చూడకుండానే ఆయనకు పని నేర్పబోయాను. తిరిగొచ్చి రాజీనామా చించేసి, ఆదివారం ఆరాధన కాగానే రైలెక్కి ధర్మవరం వెళ్లడం మొదలుపెట్టాను. ఏడాదికి నాగప్ప ఒక చీర పూర్తిచేశాడు, అంచు మాత్రం లక్ష్మమ్మ నేసింది. ఆయన తన దేవుడికి మొక్కుకున్నాడు, నేను నా ప్రభువుకు మోకరించాను.

ఇప్పటికీ అలసిపోతాను సహోదరులారా, నడుం నొప్పి కూడా వచ్చింది. కానీ నిరాశలో నుంచి ప్రభువు నన్ను విడిపించాడు. చేసే పనిమీద మనసు విరిగినవాళ్లు మీలో ఉంటే, ఉన్నదున్నట్టు ఆయనకే చెప్పండి, చక్కని మాటలు దొరకకపోయినా ఫరవాలేదు, ఆయన వింటాడు. దేవునికే మహిమ. ఆమేన్.